నాలుక వైపు

ఉలాన్‌బాతర్‌లో ఆ పొద్దున మైనస్ ముప్పై.
చేతితొడుగులు రేడియేటర్ మీద ఆరబెట్టి
సబ్బుబిళ్ళంత మైనపు దిమ్మెను
అరచేతుల మధ్య పెట్టుకు కూర్చున్నాం.
మైనం మాట వినాలంటే దానికి మన ఒంటి వేడి కావాలి
అంది దులమ్సురెన్ టీచర్.
"ఇవాళ పై ముందరి పన్ను. శాశ్వతమైనది."
శాశ్వతం అనగానే వెనక బెంచీలో ఎవరో నవ్వారు.
నవ్వింది షిజిర్. వాడికి ఆ పన్నే సగం లేదు,
కుస్తీలో పోయింది.

ముందు కొలతలు.
కిరీటం పదిన్నర మిల్లీమీటర్లు, వేరు పదమూడు.
నవ్వుకి దొరికేదానికన్నా ఎముకలో దాక్కున్నదే పొడుగు.
లోపల సన్నటి గది ఉంటుంది, నొప్పి కాపురం అక్కడే.
దాన్ని మైనంలో చెక్కలేం. ఉందనుకుని చెక్కాలి.

పెదవి వైపు తేలిక, గవ్వ వీపులా కొద్దిగా ఉబ్బు.
నడిగీత దగ్గర తన కవలను ఆనుకునే మూల నిక్కచ్చి,
అవతలి మూల గుండ్రం.
గుండ్రం ఎటో మరిచామా, కుడి పన్ను ఎడమైపోతుంది.
నేను రెండుసార్లు మరిచాను.

అంచున మూడు బొడిపెలు,
చిగురు చీల్చుకొచ్చిన కొత్తలో మాత్రమే.
నాకూ ఉండేవి, రంపంలా; నాలుకకి ఇంకా గుర్తు.
ఎండిన పెరుగుగడ్డలు కొరికీ కొరికీ
ఎప్పుడు అరిగాయో తెలియదు.
అంతకుముందు అక్కడున్న పాలపన్నును
అమ్మమ్మ త్సెవెల్మా గొర్రెకొవ్వులో చుట్టి
కుక్క ముందు పెట్టింది.
"చెడ్డది నువ్వు తీసుకో, మంచిది దీనికియ్యి."
కుక్క వాసన చూసింది, మింగింది.
బేరం కుదిరింది.

ఇక నాలుక వైపు.
పుస్తకంలో బొమ్మ దాదాపు చదును.
మెడ దగ్గర చిన్న గుబ్బ, దాని కింద లోతులేని లోయ,
పక్కల్లో ఉన్నాయా లేవా అన్నట్టు గట్లు.
అలాగే చెక్కాను. నాలుకతో నా పన్ను తడిమాను.
బొమ్మ చూశాను. మళ్ళీ తడిమాను.
కొరుకుడు పడలేదు.

పిడి ఉన్న చిన్న అద్దం నోట్లో పెట్టుకున్నా.
ఊపిరికి మసకేసింది. తుడిచా. మసకేసింది.
మూడోసారికి కనిపించింది:
అటూ ఇటూ ఎత్తుగా లేచిన గట్లు, నడుమ గుంట,
పొయ్యిలో బూడిదెత్తే పార లాంటిది.
పన్నెండేళ్ళుగా నాలుక రోజూ ఎక్కి దిగే దారి
కళ్ళకి ఇవాళే ఎదురైంది.

పక్కనున్న హాలియున్‌ని నోరు తెరవమన్నా. పారే.
షిజిర్‌కి మిగిలిన సగం కూడా పారే,
విరిగిన పార.
బొమ్మ గీసినవాళ్ళు అబద్ధమాడలేదు,
తమకు దొరికిన నోళ్ళు చూసి గీసుంటారు.
మా నోళ్ళు వాళ్ళకి దూరం.

గట్లు చెక్కితే రావు.
తీసేసిన చోట తిరిగి పోయాలి,
కరిగిన మైనం, బొట్టు మీద బొట్టు.
చూపుడువేలు కాలింది. పంటి బిగువున పోశాను.

దులమ్సురెన్ టీచర్ కొలిచింది.
పొడవు సరి, వెడల్పు సరి, మెడవంపు సరి.
వెనక్కి తిప్పి ఆగింది.
"ఇవెక్కడివి?"
"నావి."
కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుంది.
పెదాలు మూసే ఉన్నాయి గానీ
గడ్డం కింద చర్మం నెమ్మదిగా కదిలింది,
లోపల నాలుక ఏదో వెతుకుతున్నట్టు.
ముప్పయ్యేళ్ళు అదే బొమ్మ నేర్పిన మనిషి.

పరీక్ష పుస్తకం ప్రకారమే, అంది.
ఎనిమిది మార్కులు కోసేసింది.

క్లాసు అయ్యాక అందరి పళ్ళూ డబ్బాలో పడ్డాయి,
కరిగించి రేపటికి దిమ్మెలు పోయాలి.
నాది డబ్బా దాకా రాలేదు.
ఆవిడ దాన్ని లోపలి జేబులో వేసుకుని
గొర్రెతోలు కోటు బొత్తాలు మెడ దాకా పెట్టుకుంది.
ఆ వేడికి గట్లు నిలుస్తాయా అని
అడగబోయి ఊరుకున్నాను.